మా ఇంట్లో ఎవరికీ జ్వరమే రాలేదు.. ఈ కోవిడ్ సర్వే లెక్కలు నిజమేనా?

ప్రశ్న: నా వయసు 52. మాది నల్గొండ జిల్లా. దేశంలో మూడింట రెండొంతుల మందిలో కోవిడ్ యాంటీబాడీలు ఉన్నాయని 2021లో సర్వే చెప్పింది. అప్పటికి నమోదైన కేసులేమో 3 కోట్ల పైచిలుకే. మా ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాలేదు. ఇవి కాకిలెక్కలు కావా? నాకు వచ్చి పోయిందో లేదో ఇప్పుడు పరీక్షలో తెలుస్తుందా?

జవాబు: కాకిలెక్కలు కావండీ. కేసుల లెక్కకు ఎక్కింది పరీక్ష చేయించుకున్నవాళ్లే. లక్షణాలే లేనివాళ్లు, పారాసిటమాల్ వేసుకుని ఇంట్లో పడుకున్నవాళ్లు అందులో లేరు. అందుకే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రొటీన్లు, ఉన్నాయేమోనని వెతికారు. 2021 జూన్, జులైలో 70 జిల్లాల్లో సుమారు 29 వేల మందిని పరీక్షిస్తే 67.6 శాతం మందిలో కనిపించాయి. మీ నల్గొండ కూడా ఆ 70లో ఒకటి. ‘అవి టీకాతో వచ్చినవేమో’ అంటారా? టీకా వేసుకోని పెద్దవాళ్లను విడిగా చూసినా 62.3 శాతం ఉంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం. కానీ అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న కుండలో ఒక్క మెతుకు చాలదు. 70 జిల్లాలు తిరిగింది అందుకే.

అసలు చిక్కు యాంటీబాడీలను పట్టే పరీక్ష కిట్లతో. వెయ్యి మందిలో నిజంగా 10 మందికే సోకిందనుకోండి. కిట్ పదింటిలో తొమ్మిదింటిని పట్టుకుంటుంది, సోకనివాళ్లలో నూటికి ఇద్దరిని మాత్రం తప్పుగా పాజిటివ్ అంటుంది. అప్పుడు అసలువి 9, తప్పుడువి దాదాపు 20, మొత్తం 29 పాజిటివ్‌లు! నిజం 1 శాతమైతే కిట్ చెప్పేది 2.9 శాతం. నిపుణులు దీన్ని వెనక్కి లెక్కగడతారు. 29లోంచి 20 తీసేస్తే 9. 90 శాతంలోంచి 2 పోగా మిగిలిన 0.88తో దాన్ని భాగిస్తే మళ్లీ సుమారు 10. 2020 మే, జూన్‌లో చేసిన మొదటి సర్వేలో తేలిన 0.73 శాతం కూడా ఇలా సరిచేశాక వచ్చిన అంకే. సోకినవాళ్లు అంత తక్కువగా ఉన్నప్పుడు ఈ దిద్దుబాటు లేకపోతే లెక్కంతా తారుమారవుతుంది.

ఇక మీ సంగతి. ఇప్పుడు యాంటీబాడీ పరీక్ష దండగ. టీకా వేసుకుని ఉంటే స్పైక్ (వైరస్ పైనున్న ముళ్లలాంటి ప్రొటీన్) యాంటీబాడీలు ఎలాగూ కనిపిస్తాయి. వైరస్ లోపలి ప్రొటీన్‌కు వచ్చే ఎన్ రకం యాంటీబాడీలు చూస్తే సోకిందో లేదో తెలుస్తుందని ల్యాబ్‌లో చెప్పొచ్చు. అవి కాలం గడిచేకొద్దీ తగ్గిపోతాయి, పైగా చంపిన వైరస్ మొత్తంతో చేసిన కోవాగ్జిన్ టీకాతోనూ వస్తాయి. ఏ రిపోర్టూ మీకు 2021లో సోకిందని గానీ, సోకలేదని గానీ తేల్చి చెప్పలేదు. ఆ డబ్బులు పెట్టి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడిస్తే ఆయాసం వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి.