ఫైళ్లు తీసేసినా డిస్క్ ఖాళీ కాకపోతే

40 జీబీ పాత లాగ్‌లు తీసేసినా డిస్క్ నిండే ఉందని రాశారు. సర్వర్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (లైనక్స్ ఫైల్‌సిస్టమ్) మీద స్నాపర్ నడుస్తోందన్నారు కదా. స్నాప్‌షాట్లు, అంటే ఒక్కో సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో భద్రపరిచే ప్రతులు, తీసేది ఆ టూలే. మీరు తీసేసిన ఫైళ్లను పాత స్నాప్‌షాట్లు ఇంకా పట్టుకుని ఉంటాయి.

'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ డీయూ' కమాండ్‌లో ఒక్కో స్నాప్‌షాట్‌కు 'ఎక్స్‌క్లూజివ్' (అంటే దానికి మాత్రమే చెందిన చోటు) చాలా తక్కువగా కనిపిస్తుంది. అది చూసి వదిలేయకండి. ఒకే బ్లాకును ఐదు స్నాప్‌షాట్లు పంచుకుంటే అది దేని 'ఎక్స్‌క్లూజివ్' లెక్కలోనూ పడదు. ఐదూ పోతేనే ఆ చోటు తిరిగొస్తుంది. అందుకే ఒకటీ అరా కాకుండా, ఆ ఫైళ్లను పట్టుకున్న వాటన్నిటినీ తీసేయాలి.

ముందు ముఖ్యమైన డేటాకు వేరే డిస్క్‌లో బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి. తర్వాత 'స్నాపర్ లిస్ట్' చూసి, లాగ్‌లు తీసేయకముందు తీసిన స్నాప్‌షాట్లలో అక్కర్లేనివి తొలగించండి. ఉదాహరణకు అవి 12 నుంచి 40 వరకు ఉంటే 'స్నాపర్ డిలీట్ 12-40' అని కొట్టండి. ఖాళీ వెంటనే కనిపించదు, వెనకాల క్లీనర్ పని చేస్తూ ఉంటుంది. టెన్షన్ పడి రీబూట్ చేయకండి. 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ సింక్' ఇస్తే పని పూర్తయ్యేదాకా ఆగుతుంది.

మళ్లీ నిండకుండా స్నాపర్ కాన్ఫిగ్‌లో నెలవారీ, వార్షిక టైమ్‌లైన్ పరిమితులు (ఎన్ని స్నాప్‌షాట్లు ఉంచాలనే లెక్క) తగ్గించండి. అంతకన్నా నా గట్టి సలహా, లాగ్‌లను వేరే సబ్‌వాల్యూమ్‌లోకి (ఫైల్‌సిస్టమ్‌లో విడిగా స్నాప్‌షాట్ తీయగల భాగం) మార్చండి. స్నాప్‌షాట్ తన లోపలి సబ్‌వాల్యూమ్‌లను కలుపుకోదు కాబట్టి, ఇకపై తీసేసిన లాగ్‌ల చోటు నేరుగా తిరిగొస్తుంది.