గడువు తీరిన సర్టిఫికెట్, ఊరి ఖాతాలో పడిన విదేశీ విరాళం

ప్రశ్న: మాది పల్లెల్లో పనిచేసే చిన్న ట్రస్టు. గ్రామసభల మీద మహిళలకు శిక్షణ ఇస్తాం, గొడవలున్న ఊళ్లలో యువకులతో శాంతి కమిటీలు నడుపుతాం, చెరువులు బాగుచేయిస్తాం. ఒక విదేశీ ఫౌండేషన్ మాకు నిధులిస్తోంది. మా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సర్టిఫికెట్ గడువు గత సెప్టెంబరు 30తో ముగిసింది. రెన్యువల్ చూసుకోవాల్సిన పాత కార్యదర్శి మాతో గొడవపడి వెళ్లిపోయి వేరే సంస్థ పెట్టుకున్నాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు. చివరి విడత 18 లక్షలు, విదేశీ విరాళాల కోసం తెరిచిన మా ఢిల్లీ ఖాతాలోకి రావడం కుదరదన్నారు. చెరువు పని ఆగకూడదని మా ఊరి బ్యాంకు ఖాతా నంబరు ఫౌండేషన్‌కు ఈమెయిల్‌లో ఇచ్చాం. నవంబరులో డబ్బు పడింది, 6 లక్షలు ఖర్చు చేశాం. ఇప్పుడు బ్యాంకు వాళ్లు కాగితాలు అడుగుతున్నారు. ఒకప్పుడు నా భార్య నగలు తాకట్టు పెట్టి ఈ ట్రస్టు నడిపాను, ఒక్క రూపాయి సొంతానికి వాడుకోలేదు. ఈ డబ్బును కన్సల్టెన్సీ ఫీజుగా చూపిద్దామని మా ఆడిటర్ అంటున్నారు. మిత్రుడొకరు తన సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, మిగతా నిధులు దాని ద్వారా తెప్పించుకోమంటున్నాడు. ఏది మంచిది? పాత కార్యదర్శి మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో సగం పాత కార్యదర్శి గురించే ఉంది. కేసును తేల్చేది అతను కాదు, రెండు తేదీలు. సర్టిఫికెట్ ముగిసింది సెప్టెంబరు 30న. డబ్బు పడింది నవంబరులో. డబ్బు ఖాతాలో పడిన రోజున మీ చేతిలో చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉందా? లేదు. అందరూ ముందు అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. మీరు ఎంత నిజాయతీపరులో, నగలు ఎప్పుడు తాకట్టు పెట్టారో ఆ తర్వాతి సంగతి.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని సెక్షన్ 11 ప్రకారం రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత సెక్షన్ 17 ప్రకారం ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. అంటే మీరు ఒకే పనితో రెండు సెక్షన్లు దాటారు. ఢిల్లీ ఖాతా తీసుకోదని తెలిసి మరీ ఊరి ఖాతా నంబరు ఇచ్చారు. తెలియక జరిగిందని చెప్పుకునే అవకాశాన్ని మీ ఈమెయిలే మింగేసింది. చెరువు పని ఆగకూడదన్న తపన అర్థమవుతుంది, కానీ ఆ నంబరు పంపే ముందు ఎవరినైనా ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది.

రెన్యువల్ సంగతిలోనూ తప్పు మీ బోర్డుదే. సర్టిఫికెట్ ఐదేళ్లకు ముగుస్తుందని దాని మీదే ఉంటుంది. గడువుకు ముందు ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. కనీసం నాలుగు నెలల ముందే పెట్టమని హోంశాఖ 2025 ఏప్రిల్‌లో నోటీసు కూడా ఇచ్చింది. ట్రస్టీల్లో ఒక్కరైనా ఆ కాగితం తీసి తేదీ చూశారా? పోర్టల్ లాగిన్, ఈమెయిల్ మొత్తం ఒక్క మనిషి చేతిలో పెట్టి, అతను పోయాక అతన్ని తిట్టుకుంటే చట్టం ఊరుకోదు. సంస్థ తప్పు చేస్తే ఆ సమయంలో దాని వ్యవహారాలు చూస్తున్నవాళ్లే బాధ్యులు. ఖాతా నంబరు ఇచ్చింది మీరు.

ఇక మీ ఆడిటర్ సలహా. ఇది వినగానే నాకు కోపం వచ్చింది. సాధారణ వ్యాపారంలో వస్తువులకు, సేవలకు వచ్చే ఫీజు విదేశీ విరాళం కిందికి రాదన్నది నిజమే, చట్టంలోనే ఉంది. కానీ మీ ఒప్పందంలో గ్రాంటు అని రాసి ఉంటుంది, ఫౌండేషన్ ఖాతాల్లో గ్రాంటు అనే ఉంటుంది, మీ పాత వార్షిక రిటర్నుల్లో అదే దాత పేరు విరాళాల కింద ఉంటుంది. ఇప్పుడు వెనక తేదీ వేసి ఒక ఇన్వాయిస్ సృష్టిస్తే, రుసుముతో తేలిపోగల తప్పు ఫోర్జరీ కేసవుతుంది. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లు 336, 340 అందుకే ఉన్నాయి. సంతకం పెట్టేది ఆడిటర్ కాదు, మీరు.

మిత్రుడి సలహా కూడా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని చిన్న సంస్థలకు పంచడం ఒకప్పుడు మామూలే. 2020 సెప్టెంబరు సవరణతో సెక్షన్ 7 దాన్ని పూర్తిగా ఆపేసింది. తీసుకున్న విదేశీ విరాళాన్ని మరెవరికీ బదిలీ చేయకూడదు, వాళ్లకూ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే. ఈ సవరణను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న నోయల్ హార్పర్ కేసులో సమర్థించింది. ఈ దారిన పోతే మీతో పాటు మీ మిత్రుడి సర్టిఫికెట్ కూడా పోతుంది. విదేశంలో ఉన్న బంధువు ఖాతా ద్వారా తెప్పిద్దామని ఎవరైనా అన్నా చెవిన వేసుకోకండి. విదేశీ డబ్బు ఎన్ని చేతులు మారి వచ్చినా విదేశీ విరాళమేనని నిర్వచనంలోనే వివరణ ఉంది.

కొన్నాళ్లు ఎవరి కంటా పడకుండా ఉంటే కాలం చెల్లిపోతుందనే ఆశ మీకున్నా, మీ ఆడిటర్‌కున్నా వదిలేయండి. మూడేళ్ల దాకా జైలు ఉండే నేరాలకే విచారణ చేపట్టడానికి కాలపరిమితి ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏ సెక్షన్ 35 కింద శిక్ష ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాబట్టి దీనికి కాలదోషం పట్టదు. పైగా విదేశీ విరాళం వచ్చిందంటే 48 గంటల్లో కేంద్రానికి తెలపాల్సిన బాధ్యత బ్యాంకుకుంది. వాళ్లు కాగితాలు అడుగుతున్నారంటే విషయం ఇప్పటికే పైకి వెళ్లిందనుకోవడమే క్షేమం.

మీకు పనికొచ్చేది సెక్షన్ 41. ప్రాసిక్యూషన్ మొదలుకాక ముందు రుసుము కట్టి నేరాన్ని కాంపౌండింగ్, అంటే కోర్టు దాకా పోకుండా పరిష్కారం, చేసుకోవచ్చు. అసలు గడువు ఇదే. కోర్టులో కేసు దాఖలైతే ఈ తలుపు మూసుకుంటుంది. కోర్టు కేసు చేపట్టాలంటే కేంద్రం ముందస్తు మంజూరు కావాలి గనుక మీకు కొంత సమయం దొరకవచ్చు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఇంకో మాట, ఒకసారి కాంపౌండింగ్ అయ్యాక మూడేళ్లలోపు అలాంటి తప్పే మళ్లీ చేస్తే ఈ వెసులుబాటు ఉండదు.

ఈ వారంలోనే చేయండి. మిగిలిన 12 లక్షల్లో ఒక్క రూపాయి కదపకండి. దాని మీద పడే వడ్డీ కూడా విదేశీ విరాళమే. కంగారులో మీ అంతట మీరే దాతకు తిప్పి పంపేయకండి కూడా. ముందు హోంశాఖకు రాసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఢిల్లీ ఖాతాలో పాత నిల్వ ఏమైనా ఉంటే రెన్యువల్ అయ్యేదాకా దాన్నీ ముట్టుకోవద్దు.

సాక్ష్యం దగ్గరే ఇలాంటి కేసులు నిలబడేదీ పడిపోయేదీ. విదేశం నుంచి డబ్బు ఎప్పుడు, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చూపే ఇన్‌వర్డ్ రెమిటెన్స్ సర్టిఫికెట్ బ్యాంకు నుంచి తీసుకోండి. గ్రాంటు ఒప్పందం, ఖాతా నంబరు పంపిన ఈమెయిల్, ఆ సమయపు ట్రస్టు తీర్మానాలు ఒకచోట పెట్టండి. మీకు ఇబ్బందిగా ఉందని ఆ ఈమెయిల్ తీసేయకండి, దాత దగ్గర కాపీ ఉంటుంది. 6 లక్షలకు బిల్లులు, కూలీల మస్టరు, పని కొలతలు, తేదీ ఉన్న ఫొటోలు, పంచాయతీ తీర్మానం ఉంటే సేకరించండి. అదే ఖాతాలో ఊరివాళ్ల చందాలు కూడా కలిసి ఉంటే, ఏ రూపాయి ఎటు పోయిందో విడదీసి చూపే స్టేట్‌మెంట్ వేరే ఆడిటర్‌తో తయారు చేయించండి. ఇవన్నీ నేరాన్ని చెరపవు. డబ్బు సొంతానికి పోలేదని మాత్రం చూపుతాయి.

ఆలస్యమైనా కారణాలు రాసి ఎఫ్‌సీ-3సీ ఫారంలో రెన్యువల్ దరఖాస్తు పెట్టుకునే వీలు రూల్స్‌లో ఉంది, దానికీ గడువుంది. జరిగింది దాచకుండా రాయండి. అది కుదరకపోతే ఇదే దాత, ఇదే పని కోసం ముందస్తు అనుమతి అడగవచ్చు. పోర్టల్‌లో ఈమెయిల్, ఫోన్ నంబరు మార్పించడం అన్నిటికన్నా ముందు. ఇప్పటికీ నోటీసులు ఆ పాత కార్యదర్శికే పోతుంటాయి.

గ్రామసభల శిక్షణ వల్ల మీ సంస్థను రాజకీయ సంస్థ అంటారేమోనని భయపడకండి. గ్రామసభకు వెళ్లమని ఆడవాళ్లకు చెప్పడం పార్టీ రాజకీయం కాదు. క్రియాశీల రాజకీయాలతో, పార్టీలతో సంబంధం లేని సంస్థలకు ఆ ముద్ర వేయకూడదని 2020 మార్చిలో ఇన్సాఫ్ (ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మీ దాత పేరు హోంశాఖ ముందస్తు అనుమతి జాబితాలో, అంటే హోంశాఖ సరేనన్నాకే డబ్బు తీసుకోవాల్సిన దాతల జాబితాలో, ఉందేమో బ్యాంకులో అడగండి. 2015లో ఫోర్డ్ ఫౌండేషన్ అంతటిదాన్నే ఆ జాబితాలో పెట్టి మరుసటి ఏడాది తీసేశారు.

పాత కార్యదర్శి మీద సివిల్ నోటీసు ఇవ్వవచ్చు, రికార్డులు, లాగిన్ వివరాలు అప్పగించమని. దానికి మించి ఇప్పుడు వద్దు. అతన్ని కేసులోకి లాగితే అతను ముందు చూపించేది మీరు ఊరి ఖాతా ఇచ్చిన సంగతే.

చెరువు పని వానల లోపు పూర్తి కావాలంటే దేశంలోని కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులు అడగండి, వాటికి ఈ చట్టం అడ్డు రాదు. అయితే ఆ నిధులు తీసుకోవడానికి సంస్థలు చేయించుకునే సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. దానితో పాటు ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ ట్రస్టు నమోదు గడువు ఎప్పుడు ముగుస్తుందో, ఈసారైనా మీరే కాగితం తీసి చూసుకుని వెళ్లండి.