ఫ్రీస్టైల్ స్కేట్‌బోర్డుకు ఏ భాగాలు కొనాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి సమతల నేలపై చేసే ఫ్రీస్టైల్ స్కేట్‌బోర్డింగ్ నేర్చుకుంటానంటున్నాడు. ఇక్కడ దొరికేవి బొమ్మల దుకాణాల బోర్డులే. విడిభాగాలు తెప్పిస్తే ఏవి ఎంచుకోవాలి?

జవాబు: బొమ్మల దుకాణపు బోర్డు మీద పెట్టే డబ్బు వృథా అనే నా అభిప్రాయం. ముందుగా చెక్క పలక చూడండి. వీధి బోర్డులు సాధారణంగా 8 అంగుళాల వెడల్పుకు అటూఇటూ ఉంటాయి, ఫ్రీస్టైల్‌కు 7.25 నుంచి 7.5 అంగుళాల పలక, ముందు వెనుక ట్రక్కుల (చక్రాలను పలకకు బిగించే లోహపు భాగాల) మధ్య దూరం తక్కువగా ఉన్నది, పాదాల కింద త్వరగా తిరుగుతుంది. ట్రక్కు ఇరుసు పొడవు పలక వెడల్పుకు సరిపోవాలి.

అసలు జాగ్రత్త చక్రాల దగ్గరే అవసరం. బోర్డును పక్కకు నిలబెట్టి చక్రాల మీద నిలిచే విన్యాసాలు ఇందులో ఎక్కువ కనుక, ఇరుసు కొన, నట్టు చక్రం అంచును దాటి బయటకు రాకూడదు; చక్రం 99ఎ (గట్టిదనాన్ని కొలిచే ‘ఎ’ స్కేలుపై 99) లేదా అంతకు మించిన గట్టిదనంతో ఉంటే నున్నని సిమెంటు గచ్చుపై తేలికగా జారుతూ తిరుగుతుంది. గతుకుల రోడ్డుపై మాత్రం అదే చక్రం పళ్లు కదిలిస్తుంది. తోక, అంటే పలక వెనుక కొన, నేలకు రాసుకుని అరిగిపోకుండా కింద గట్టి ప్లాస్టిక్ స్కిడ్ ప్లేటు బిగించడం మంచిది.

బేరింగులకు ఖరీదైన బ్రాండు అక్కరలేదు. వాటి కొలత 608, అంటే లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. మోటార్లలోనూ వాడే రకమే కాబట్టి బరంపురంలోని బేరింగు దుకాణాల్లో అడగవచ్చు. మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొనండి.