సెలవుల గురించి రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసం చదివాను. చదువుతుంటే పూతలపట్టు దారిలో బస్సు కిటికీ పక్క సీటు కోసం అన్నదమ్ములతో నేను పడిన తగాదాలు గుర్తుకు వచ్చాయి, నవ్వు వచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. మళ్లీ చదివినప్పుడు, నన్ను కదిలించింది నీ వాక్యం కాదని, నా బాల్యమేనని తెలిసింది. చిత్తూరు పల్లెలలో సెలవులు గడిపిన వారెవరికైనా ‘అవ్వగారి ఊరు’ అనగానే లోపల ఏదో కదులుతుంది. శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో కూర్చుని చదివే వారికి ఆ వెసులుబాటు లేదు. నీవు సంతోషంగా ఉన్నావన్న సంగతి వారికి తెలుస్తుంది గాని, ఆ సంతోషం వారికి అందదు. అందుకే ‘మధురమైన’, ‘మరపురాని’, ‘ఆ రోజులే వేరు’ అన్న చోటల్లా గీత పెట్టాను. అవి కొట్టేసి, ఆ రోజు ఏమి జరిగిందో రాయి. ముచ్చట పడాలో వద్దో చదివేవారే చూసుకుంటారు.

ఇక ఋతువుల సంగతి. వేసవి సెలవులలో కపిలతీర్థం జలపాతం హోరున దూకుతుంటే దాని కింద తడిశామని రాశావు. మే నెలలో, పెద్ద వాన ఏదైనా పడితే తప్ప, ఆ కొండచరియ మీద చెప్పుకోదగ్గ ధార ఉండదు. అది నిజంగా దూకేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు, నవంబరు నెలలలో, కార్తీక స్నానాలకు జనం వచ్చే రోజులలో. అలాగే, ఏప్రిల్ చివర ఊరు చేరిన మరునాడే చెట్టు కింద కూర్చుని బెంగుళూరా పండ్లు తిన్నామన్నావు. మన ప్రాంతంలో బెంగుళూరా, అదే తోతాపురి, ముమ్మరంగా కోతకు వచ్చేది జూన్, జూలై నెలలలో. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరేనాటికి బడులు తెరిచి ఉంటాయి. ఏప్రిల్‌లో నీవు తిన్నది ఉప్పుకారం అద్దిన పచ్చికాయ అయి ఉండాలి.

తప్పులు పట్టాలని ఇదంతా చెప్పడం లేదు. జ్ఞాపకం వేరు వేరు సంవత్సరాల ముక్కలను తెచ్చి ఒకే సెలవుగా కుట్టేస్తుంది. కుట్టు ఎక్కడ పడిందో పట్టుకోగలిగితే వ్యాసానికి కావలసినది అక్కడే దొరుకుతుంది. జలపాతం కింద తడిసిన మాట నిజమే అయితే, నీవు ఆనాడు తిరుపతికి వచ్చింది కార్తీక మాసంలో. బడి నడుస్తున్న రోజులలో నిన్ను ఎందుకు తీసుకువచ్చారు? పెళ్లి కోసమా, మొక్కు తీర్చడానికా, లేక ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చి, చూసుకునే వారు లేక నిన్ను వెంట తెచ్చారా? నీవు వేసవి విహారంగా గుర్తుంచుకున్నది పెద్దలకు పూర్తిగా వేరే పని అయి ఉండవచ్చు. కనుక్కో.

ఊళ్లోని ఇంటి గురించి రాసిన పేజీలలో తాత ఉన్నాడు, మామ ఉన్నాడు, ఎద్దుల పేర్లు కూడా ఉన్నాయి. అత్త లేదు. ‘వేడి వేడి సంగటి ముద్దలు, ఊరిబిండి మా ముందుకు వచ్చేవి’ అని మాత్రం ఉంది. అవి నడిచి వచ్చాయా అమ్మా? మీరు పిల్లలే పది మందికి పైగా ఉన్నామని నీవే రాశావు. అంతమందికి సంగటి చేయాలంటే పెద్ద కుండలో నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, పొయ్యి సెగలో వంగి ఉండలు కట్టకుండా గెలకాలి. వేడి చల్లారక ముందే తడి చేత్తో ముద్దలు చేయాలి. ఈలోగా ఊరిబిండి కోసం చెనక్కాయ (వేరుశనగ) విత్తులు వేయించి, పొట్టు చెరిగి, ఎండు మిరపకాయలతో కలిపి రోట్లో నూరాలి. మీకు సెలవులు ఇచ్చిన నెలలోనే ఆమెకు పని రెట్టింపు అయింది. ఈ మాటను వ్యాసంలో ఉపన్యాసంగా పెట్టమని అనడం లేదు, పెడితే చదవలేము. మీరందరూ మిద్దె మీద వరుసగా పడుకున్నాక ఆమె ఎప్పుడు తినేదో, ఎక్కడ నడుము వాల్చేదో ఒక్క వాక్యం రాస్తే, పాఠకుడికి ఆ ఇల్లు మొత్తం కనబడుతుంది.

ఆమె ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నదన్నావు గనుక అడిగే అవకాశం నీకు ఉంది. ‘ఆ రోజులు ఎలా ఉండేవి అత్తా’ అని మాత్రం అడగకు. ‘బాగా ఉండేవి’ అంటుంది, ఎవరైనా అదే అంటారు. నీళ్లు ఏ బావి నుంచి మోసేవారు, బియ్యం చాలకపోతే ఎవరింట్లో బదులు తెచ్చేవారు, మమ్మల్ని బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాక నీవు మొదట చేసిన పని ఏమిటి, ఇటువంటివి అడుగు.

నీవు అన్నింటికంటే తక్కువ రాసినది, నేను అన్నింటికంటే ఎక్కువ చదవాలనుకున్నది భారతం గురించి. ‘రాత్రిళ్లు భారతం చూసేవాళ్లం’ అని ఒక్క ముక్కతో దాటేశావు. మన పల్లెలలో ధర్మరాజుల గుడి ముందు వేసవిలో 18 రోజుల పాటు, పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా భారతం నడుస్తుందన్నది బయటి జిల్లాల పాఠకులలో చాలామందికి తెలియదు. దాన్ని వారికి వివరించమని కాదు, వారిని అక్కడ కూర్చోబెట్టమని అడుగుతున్నాను. పొద్దు గూకక ముందే చాప పరిచి చోటు పట్టి ఉంచే పని ఎవరిది? పదేళ్ల పిల్లవు రాత్రంతా మేలుకొని ఉండవు. కురుసభలో కళ్లు మూతపడి, తెల్లవారుజామున తెరిచేసరికి పాండవులు అడవిలో ఉండి ఉంటారు. నిద్రలో పోయిన ఆ నడిమి కథను ఇప్పుడు పుస్తకాలు చూసి పూడ్చవద్దు. పిల్లకు భారతం ఆ కంతలతోనే తెలుసు, అలాగే రాయి.

పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేసే ఘట్టం ఆడే రోజున, అదే తపసు మాను నాడు, ఏమి చూశావు? అర్జున వేషధారి పద్యం తరువాత పద్యం పాడుతూ అంత పొడవు మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, అరటిపండ్లు విసురుతుంటే, కింద సంతానం లేని స్త్రీలు తడి బట్టలతో నేల మీద పడుకొని ఉంటారు. నీకు అది పండ్లు ఏరుకునే ఆట. అక్కడ పడుకున్న వారికి అదే చివరి ఆశ కావచ్చు. ఆ ఆడవారిలో మీ బంధువులు ఉన్నారేమో, ఉంటే ఆ మరునాడు ఆమెతో మీ అవ్వ ఎలా మాట్లాడిందో నీకు జ్ఞాపకం ఉన్నదేమో చూడు. ఆటను, ఆశను ఒకే పేరాలో పక్కపక్కన పెట్టి ఊరుకో, రెండింటికీ ముడి వేసే వాక్యం రాయకు. చివరి నాటి దుర్యోధన వధ సంగతీ అంతే. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన ఆ పెద్ద మట్టి బొమ్మను కట్టడం ఎప్పుడు మొదలుపెట్టేవారు, దాని తొడ మీదికి ఎక్కబోయిన పిల్లలను ఎవరు అదిలించేవారు, సాయంత్రం అగ్నిగుండం తొక్కబోయే మీ మామ పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోవడం నీకు వింతగా తోచిందా, భయం వేసిందా? ఇవన్నీ నీ దగ్గర ఉన్నాయి. ఎక్కడి పిల్లలైనా మామిడి తోట గురించి రాయగలరు. దీన్ని రాయగలిగే వారు తక్కువ.

తిరుమల నడక గురించి నాలుగు పేజీలు రాశావు, అవి తీసేయవచ్చు. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3,550 ఉన్నాయని, మొదటి ఘాట్‌రోడ్డు 1944లో తెరిచారని రాసినవి సరైనవే. అయినా అవి గైడు చెప్పే మాటలు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ వచ్చిన మీ అవ్వకు మోకాళ్ల పర్వతం దగ్గర పొట్లం ఖాళీ అయిపోతే, మిగిలిన మెట్లకు ఉత్త వేలే తాకించిందన్న వాక్యం ఒకటి ఉంది చూడు, దాన్ని మాత్రం వదులుకోకు.

మే నెలలో తిరుపతి పెద్దమ్మ ఇంట్లో ఉన్నానంటూ, భక్తులు వేషాలు కట్టి ఊరి గ్రామదేవత గంగమ్మకు మొక్కులు తీర్చుకునే గంగ జాతర ఊసే ఎత్తలేదు. బండ వేషం కట్టిన పిల్లలు వీధిలో పెద్దలను తిట్టే బూతులు రాయడానికి సంకోచించావేమో! ఒళ్లంతా తెల్లని నామం సుద్ద పూసిన బైరాగి వేషాలు, బొగ్గు పూసిన తోటి వేషాలు, ఏడాదిలో ఆ వారమే చెల్లే ఆ తిట్లు లేకపోతే మే నెల తిరుపతి ఏమి తిరుపతి? పైగా చాటింపు వేశాక ఊరు దాటి పోకూడదన్న కట్టుబాటు ఉండేది. చాటింపుకు ముందు మా ఇంటికి వచ్చిన చుట్టాలను జాతర ముగిసేదాకా కదలనిచ్చేవారు కారు. పిల్లలకు అంతకంటే ఏమి కావాలి? ఇంటి ఖర్చు చూసుకునే నాయనకు మాత్రం అది వేరుగా ఉండేదని, ఆయన చిట్టా పుస్తకం చేతికి వచ్చాక తెలిసింది.

మరొక చిన్న సంగతి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయింది గాని, నీ వ్యాసంలోని కాలానికి అది చిత్తూరు జిల్లాయే. వ్యాసంలో అప్పటి పేరే ఉండనీ, బ్రాకెట్లలో కొత్త పేరు ఇవ్వవలసిన పని లేదు.

దసరాకు ఊరికి వెళుతున్నానన్నావు కదా, అప్పటిదాకా దీన్ని ఏ పత్రికకూ పంపవద్దు. అత్తను అడిగేటప్పుడు ఫోను ముందు పెట్టి రికార్డు చేయకు. దాన్ని చూడగానే పెద్దవాళ్లకు మాట మారిపోతుంది. వంట వేళకు వెళ్లి, విత్తులు ఒలవడమో నీళ్లు తేవడమో ఏదో ఒక పని అందుకుని, ఆ పని మధ్యలో అడుగు. రాత్రికి నోటు పుస్తకంలో ఆమె అన్న మాటలు ఆమె అన్నట్టే రాసుకో. తిరిగి వచ్చాక భారతం భాగం ఒక్కటే రాసి పంపు, మిగిలినవి తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి