కాయని ఆయిల్‌పామ్ చెట్లకు కంపెనీని నష్టపరిహారం అడగొచ్చా?

సందేహం: మాది ఖమ్మం జిల్లా. కంపెనీ నర్సరీ నుంచి సబ్సిడీ మీద ఇచ్చిన 228 ఆయిల్‌పామ్ మొక్కలు నాలుగెకరాల్లో పెట్టాం. ఆరో ఏడు నడుస్తోంది. 30 చెట్లకు గెల నిలవడం లేదు. నీళ్లు చాలకే అంటున్నారు కంపెనీవాళ్లు. వివాదాలన్నీ మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. కేసు వేయొచ్చా? ఆ చెట్లు కొట్టేసి వేరేవి పెట్టుకోవచ్చా?

జవాబు: చెట్లు ఇప్పుడే కొట్టేయకండి. మీ కేసుకు సాక్ష్యం ఆ 30 చెట్లే.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ‘గెలలు మాకే అమ్ముతాడు, ఇది వ్యాపారం, ఇతను వినియోగదారుడు కాడు’ అని కంపెనీ మొదట వాదిస్తుంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ - ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో 2012లోనే సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. అక్కడా పోరాడింది ఆంధ్రప్రదేశ్ రైతులే. పంటను తిరిగి కొనే ఒప్పందం ఉన్నా రైతు వినియోగదారుడేననీ, మధ్యవర్తి షరతు వినియోగదారుల కేసుకు అడ్డు కాదనీ తీర్పు వచ్చింది. అయితే ముందుగా మీరే మధ్యవర్తి దగ్గరికి వెళ్తే ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు రావడం కష్టం. కంపెనీ మనిషి ‘మధ్యవర్తి కోసం ఒక అర్జీ పెట్టు’ అంటే సంతకం చేయకండి.

సబ్సిడీ మొక్కలైనా మీ వాటా కట్టిన రసీదు దాచుకోండి. ధరలో కొంతే చెల్లించినా చట్టం ఒప్పుకుంటుంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే ఉంటుంది కాబట్టి ఫీజు లేదు. కేసు మీ జిల్లాలోనే వేయొచ్చు.

అసలు పోరు నీళ్ల దగ్గరే. కంపెనీ మాటను కొట్టిపారేయలేం. నీటి ఎద్దడి వస్తే ఆయిల్‌పామ్‌లో గెల కట్టని మగ పూగుత్తులు పెరుగుతాయి, అదీ ఎద్దడి వచ్చిన చాలా నెలలకు బయటపడుతుంది. కానీ ఒకే బోరు, ఒకే డ్రిప్ కింద 198 చెట్లు కాస్తూ, వాటి మధ్య చెదురుగా 30 చెట్లు కాయకపోతే అది నీళ్ల లోపం అనడం కష్టం. ఆ 30 ఒకే మూలన, డ్రిప్ లైను చివర ఉంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. అందుకే ముందు వరుస, చెట్టు నంబర్లతో తోట పటం గీయండి.

నీళ్లు కారణం కాకపోతే మొక్క రకంలోనే తేడా ఉందేమో చూడాలి. మనం పెంచాల్సింది డ్యూరా, పిసిఫెరా సంకరమైన టెనెరా రకం. పిసిఫెరా చెట్టుకు గెలలు సాధారణంగా నిలవవు. డ్యూరాకు గెల వస్తుంది గానీ కాయ కోస్తే లోపల మందపు పెంకు ఉంటుంది, పెంకు చుట్టూ నార వలయం ఉండదు. టెనెరాకు పల్చని పెంకు, దాని చుట్టూ నార వలయం కనిపిస్తాయి. కాయలే లేని చెట్టును ఆకు నమూనాతో డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చవచ్చు.

ముందు కంపెనీకి, ఉద్యాన అధికారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి తనిఖీ కోరండి. రాకపోతే, కేసుతో పాటే ఉద్యాన నిపుణుణ్ని తోటకు పంపాలని కమిషన్‌కు దరఖాస్తు పెట్టండి. ఏలూరు జిల్లా పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల నివేదిక అడిగితే మంచిది. పరిశీలన పూర్తయి, కమిషన్ అనుమతి వచ్చాకే చెట్లు తీయండి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మొక్క పెట్టిన రోజు నుంచి కాదు, లోపం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదిస్తాం. తొలి మూడేళ్లు పూలు తుంచేస్తుంటాం కాబట్టి లోపం అంతకు ముందు కనపడదు. ఐదో ఏడే తెలిసిందంటే ఇక ఆలస్యం వద్దు. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని కోరాలి.

కేసు నడుస్తున్నంత కాలం గెలలు మీ ప్రాంతానికి (జోన్‌కు) కేటాయించిన ఫ్యాక్టరీకే పంపండి. కోపంతో బయట అమ్మితే 1993 ఆయిల్‌పామ్ చట్టం కింద కంపెనీ చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

నష్టం లెక్కకు తూకం చీటీలు చాలు. కాసిన 198 చెట్లు ఏడాదికి 28 టన్నులు ఇచ్చాయనుకుంటే చెట్టుకు సుమారు 141 కిలోలు. 30 చెట్లకు 4.2 టన్నులు. దాన్ని ప్రభుత్వం ప్రకటించిన నెలవారీ ధరతో గుణించండి. కొత్త మొక్క ఖర్చు, అది కాపుకొచ్చే నాలుగేళ్ల నష్టం వేరుగా అడగండి.