బొగ్గు, హైడ్రోజన్, మీథేన్: లెక్క కుదిరేదెక్కడ?

ప్రశ్న: బొగ్గును అధిక పీడనంలో హైడ్రోజన్‌తో కలిపి నేరుగా మీథేన్ తయారుచేయవచ్చని చదివాను. హైడ్రోజనే మంచి ఇంధనం కదా, దాన్ని ఖర్చుపెట్టి మరో ఇంధనాన్ని చేయడమెందుకు? అంత పీడనం దేనికి?

జవాబు: ముందు పీడనం సంగతి చూద్దాం. రెండు హైడ్రోజన్ అణువులు ఒక కార్బన్ పరమాణువుతో కలిసి ఒక్క మీథేన్ అణువు ఏర్పడుతుంది కనుక వాయువు ఘనపరిమాణం సగానికి తగ్గుతుంది. అందువల్ల పీడనం పెంచినకొద్దీ సమతాస్థితి (చర్య ఇటూ అటూ సమానంగా సాగే స్థితి) మీథేన్ వైపు మొగ్గుతుంది. ఒక మోల్ (అంటే సుమారు 16 గ్రాముల) మీథేన్‌కు సుమారు 75 కిలోజౌళ్ల వేడి వెలువడే చర్య కాబట్టి నిజానికి తక్కువ ఉష్ణోగ్రతే దీనికి అనుకూలం, కాని అప్పుడు చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే 700 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిచేసి, అందువల్ల తగ్గే దిగుబడిని మామూలు గాలి పీడనానికి 70 రెట్ల స్థాయి పీడనంతో పూడ్చుకుంటారు.

మీ అసలు సందేహానికి లెక్కే సమాధానం. ఒక మోల్ మీథేన్‌ను మండిస్తే 890 కిలోజౌళ్లు వస్తాయి. దానిలోకి వెళ్లిన రెండు మోళ్ల హైడ్రోజన్‌ను విడిగా మండించినా 572 కిలోజౌళ్లు వచ్చేవి. అంటే దాదాపు మూడింట రెండు వంతుల శక్తి హైడ్రోజన్‌దే. బయట నుంచి హైడ్రోజన్ కొని తెచ్చి ఈ పని చేయడం, నా దృష్టిలో, గిట్టుబాటయ్యేది కాదు. అదే ఘనపరిమాణంలో హైడ్రోజన్ కంటే మీథేన్‌లో మూడు రెట్ల వేడి ఉండటం, ఉన్న గొట్టాలలో, పొయ్యిలలో అది ఇమిడిపోవడం మాత్రం కాదనలేని లాభాలు.

హైడ్రోజన్‌ను కొనకుండా సమకూర్చుకునే కిటుకు బొగ్గు స్వభావంలోనే ఉంది. తాజా బొగ్గు పొడి ఒక్కసారిగా వేడెక్కినప్పుడు అందులో చురుకైన భాగం కొద్ది సెకన్లలోనే హైడ్రోజన్‌తో కలిసిపోతుంది. మిగిలిన చార్ (ఎక్కువగా కార్బన్ ఉండే ఘన అవశేషం) మాత్రం మొండికేస్తుంది. ఆ చార్‌ను వేరే పాత్రలో నీటి ఆవిరి, ఆక్సిజన్‌లతో చర్య జరిపిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. మోనాక్సైడ్‌ను మళ్లీ ఆవిరితో కలిపితే మరికొంత హైడ్రోజన్, దానితోపాటు తప్పించుకోలేని కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. హైడ్రోజన్‌లో చాలా భాగం ఈ విధంగా నీటి నుంచే సమకూరుతుంది. 1970లలో షికాగోలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ టెక్నాలజీ నడిపిన హైగ్యాస్ అనే ప్రయోగాత్మక కర్మాగారంలో చార్‌నే ఈ విధంగా హైడ్రోజన్‌కు ఆధారం చేసుకున్నారు.

అంత వేడిలో, పీడనంలో హైడ్రోజన్ ఉక్కులోకి కూడా చొరబడి, అందులోని కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది. బయటికి పోలేని ఆ వాయువు లోహాన్ని లోపల నుంచి చీలుస్తుంది. పాత్రలో మనం కోరుకున్న చర్యే పాత్ర గోడలోనూ జరుగుతుందన్నమాట. కాబట్టి క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడి, లోపలి వైపు వేడిని తట్టుకునే పూత వేస్తారు. ఇక వేడికి మెత్తబడి ముద్దకట్టే రకం బొగ్గును ముందుగా గాలిలో స్వల్పంగా ఆక్సీకరించాలి; లిగ్నైట్ అనే గోధుమ రంగు బొగ్గుకు ఆ బెడద లేదు, పైగా దాని చార్ త్వరగా చర్యకు లొంగుతుంది.