బాయిలర్ మసి: తుడిచినా ఎందుకు తిరిగి వస్తోంది?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఒక పాత ఇంట్లో ఉంటున్నాము. బేస్‌మెంట్‌లోని ఆయిల్ బాయిలర్ రేడియేటర్లకు వేడి నీళ్లు పంపుతుంది. నిరుడు వేసవిలో బేస్‌మెంట్‌ను బాగుచేయించి, బాయిలర్ చుట్టూ గోడలు కట్టించి, తలుపు పెట్టించాము. ఆ చలికాలం నుంచే బాయిలర్ లోపలా, పక్క గోడ మీదా మసి పేరుకుంటోంది. ఆదివారాల్లో చమురు వాసన మరీ ఎక్కువగా వస్తోంది. సర్వీసు వాళ్లు రెండుసార్లు శుభ్రం చేసి నాజిల్ (చమురును చిమ్మే ముక్కు) మార్చారు, కానీ ఆరు వారాలకు మళ్లీ అదే పరిస్థితి. ఇప్పుడు బాయిలరే మార్చమంటున్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. మసి పట్టే చోట కార్బన్ మోనాక్సైడ్ కూడా పుట్టవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. బేస్‌మెంట్‌లోనూ పడకగదుల దగ్గరా అలారాలు లేకపోతే ఈరోజే పెట్టించండి. అలారం మోగినా, ఇంట్లో వాళ్లకు ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైనా అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. బర్నర్ ఆగిపోతే రీసెట్ బటన్‌ను పదేపదే నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ కాలని చమురు లోపల చేరి, చివరకు ఒక్కసారిగా అంటుకుంటుంది.

ఇక అసలు విషయం. మసి అంటే పూర్తిగా కాలని చమురులోని కార్బన్. లాంతరు వాడిన ఇళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే: వత్తి ఎక్కువ ఎత్తినా, కింద గాలి వెళ్లే సందులు దుమ్ముతో మూసుకుపోయినా మంట ఎర్రబడి గాజుబుడ్డి నల్లబడుతుంది. బుడ్డిని ఎన్నిసార్లు తుడిచినా, సందులు తెరవనంతవరకు అది మళ్లీ నల్లబడుతూనే ఉంటుంది. మీ బాయిలర్ విషయంలోనూ ఇదే జరుగుతోందని నా అనుమానం, ఎందుకంటే కారణానికి ఆనవాళ్లు మీ ఉత్తరంలోనే రెండు ఉన్నాయి: కొత్త తలుపు, ఆదివారం.

లెక్క చూడండి. ఒక గ్యాలన్ చమురు కాలితే సుమారు 1,38,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి పుడుతుంది. మీ బర్నర్ గంటకు 0.85 గ్యాలన్ కాలుస్తుందనుకుంటే అది దాదాపు 1,18,000 బీటీయూలు. మంటకు గాలి చాలాలంటే గంటకు పుట్టే ప్రతి 1,000 బీటీయూలకు 50 ఘనపుటడుగుల చోటు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత కాబట్టి, ఈ బర్నర్‌కు సుమారు 5,900 ఘనపుటడుగులు కావాలి. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు ఉన్న గదిలో ఉండేది 336 మాత్రమే. ఆదివారం బట్టలు ఆరబెట్టే యంత్రం, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గంటల తరబడి నడిచే రోజు అయితే, అవి రెండూ ఇంట్లోని గాలిని బయటికి తోసేస్తాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు చిమ్నీలోంచే గాలిని కిందికి లాగుతుంది, పొగ పైకి పోవడానికి బదులు మంట మీదికే తిరుగుతుంది.

ఇది ఊహో నిజమో తేల్చడానికి కొలవాలి. శుభ్రం చేసిన వెంటనే, పొగగొట్టానికి వేసిన చిన్న రంధ్రంలోంచి చేతిపంపుతో పది సార్లు పొగను లాగి వడపోత కాగితం మీద పట్టమని మెకానిక్‌ను అడగండి. కాగితం మీద పడిన మచ్చను 0 నుంచి 9 వరకు ఉన్న మచ్చల పట్టికతో పోలుస్తారు. సున్నా గానీ, కనీకనిపించని మరక గానీ ఉండాలి. ఈ పరీక్షను తలుపు తీసి ఒకసారి, తలుపు మూసి ఎగ్జాస్టూ డ్రయ్యరూ నడిపిస్తూ మరోసారి చేయించండి. మొదటి కాగితం తెల్లగా ఉండి రెండోది నల్లబడితే బాయిలర్‌లో దోషం లేదు, తలుపులోనే ఉంది. అప్పుడు ఆ గది గోడకు పైకప్పు దగ్గర ఒకటి, నేల దగ్గర ఒకటి, గాలి ఆడే భాగమే ఒక్కోటి సుమారు 118 చదరపుటంగుళాలు ఉండేలా, విశాలమైన బేస్‌మెంట్‌లోకి జాలీలు పెట్టిస్తే చాలా ఇళ్లలో సరిపోతుంది. డ్రయ్యరూ ఎగ్జాస్టూ నడిచేటప్పుడు అదీ చాలకపోతే బయటినుంచే గాలి తెప్పించే గొట్టం పెట్టించాలి.

రెండు కాగితాలూ నల్లబడితేనే బర్నర్‌ను, చిమ్నీని తరచి చూడాలి. మొదట, మార్చిన నాజిల్ మీద ముద్రించిన అంకెను, పంపు ఒత్తిడిని కలిపి చూడమనండి. గంటకు ఎన్ని గ్యాలన్లు చిమ్ముతుందో చెప్పే ఆ నాజిల్ అంకె 100 పీఎస్‌ఐ (చదరపుటంగుళానికి పౌండ్లు) ఒత్తిడికి లెక్కగట్టినది. పంపు 140 దగ్గర ఉంటే 0.85 నాజిల్ గంటకు దాదాపు ఒక గ్యాలన్ చిమ్ముతుంది, దానికి తగ్గ గాలి మాత్రం అందదు. శుభ్రం చేసినవాళ్లు ఇది చూడకుండా పాత అంకె నాజిల్‌నే బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. తర్వాత చిమ్నీలో పక్షిగూడో, రాలిన ఇటుకో అడ్డం పడిందేమో చూడాలి. బర్నర్ ఆగాక కూడా చమురు కారుతుంటే పైపులో గాలి చేరి ఉండవచ్చు.

మెకానిక్ వచ్చేవరకు ఆ గది తలుపు తీసే ఉంచండి. గోడ మీది మసిని ఇంట్లో వాడే వాక్యూమ్‌తో తీయకండి, దాని సంచిలోంచి సన్నటి నలుసులు జారి ఇల్లంతా పరుచుకుంటాయి. పరీక్ష చేసిన ఆ రెండు కాగితాలను మాత్రం తేదీ వేసి దాచుకోండి. బాయిలర్ మార్చాలని మళ్లీ ఎవరైనా అంటే ముందు వాటిని చూపించండి.